చర్చా పేజీలో అవతలి మనిషి

అందరికీ నమస్కారం. ఖాతా తెరవడం, మూలాలు చేర్చడం, బొమ్మలు ఎక్కించడం పొద్దున్నుంచి నేర్చుకున్నారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్ళను. వికీపీడియాలో చరిత్ర వ్యాసాలు రాసేటప్పుడు తోటి వాడుకరులతో కలిసి పనిచేయడం గురించి మాట్లాడమన్నారు. కలిసి పనిచేయడం అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో జరిగేది ఏమిటంటే, మీరు రాత్రంతా కూర్చుని రాసిన పేరాను ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఒక్క నొక్కుతో తీసేస్తాడు. దిద్దుబాటు సారాంశంలో "మూలం లేదు" అని రెండు ముక్కలు రాసి వెళ్ళిపోతాడు. మీకు ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా, మండకపోతే ఆ వ్యాసం మీద మీకు పెద్దగా ఇష్టం లేనట్టే. ఆ మంట తగ్గాక ఏం చేస్తారన్నదే నేను మాట్లాడబోయేది.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. ప్రతి వ్యాసానికీ పక్కనే, దాని గురించి వాడుకరులు మాట్లాడుకునే చర్చా పేజీ ఒకటి ఉంటుంది. అది ఖాళీగా ఉన్న చరిత్ర వ్యాసాన్ని నేను ఓ పట్టాన నమ్మను. ఒక పువ్వు గురించో, పురుగు గురించో రాసిన వ్యాసానికి చర్చ లేకపోయినా ఫరవాలేదు. ఒక యుద్ధం గురించి, ఒక రాజవంశం గురించి ఇంత పొడుగు వ్యాసం ఉండి, ఇన్నేళ్ళలో ఎవ్వరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదంటే ఏమిటి? ఎవరూ శ్రద్ధగా చదవలేదన్నా అయి ఉండాలి, అడిగేవాళ్ళను తరిమేశారన్నా అయి ఉండాలి. రెండూ జరిగాయి.

మొదటి రకం చూడండి. ఇంగ్లీషు వికీపీడియాలో 2007లో బిచోలిం ఘర్షణ అని ఒక వ్యాసం వచ్చింది. 1640-41లో గోవాలోని పోర్చుగీసు వాళ్ళకీ మరాఠా సామ్రాజ్యానికీ మధ్య జరిగిన యుద్ధమట. పోరాటాలు, సంధి షరతులు, మూలాలుగా పుస్తకాల పేర్లు అన్నీ పొందిగ్గా ఉన్నాయి. అదే ఏడాది దానికి "మంచి వ్యాసం" అన్న గుర్తింపు కూడా ఇచ్చారు. 2012 చివర్లో ఒక వాడుకరికి అనుమానం వచ్చి ఆ పుస్తకాల కోసం వెతికితే, అలాంటి పుస్తకాలే లేవు. ఆ యుద్ధమూ లేదు. వ్యాసం మొత్తం కల్పన. శివాజీ పుట్టింది 1630లో, పట్టాభిషేకం 1674లో. మరి 1640 నాటికి మరాఠా సామ్రాజ్యం ఎక్కడిది? ఈ ప్రశ్న వేయడానికి చరిత్రలో పీహెచ్‌డీ అక్కర్లేదు. సమీక్ష అంటే భాష, విభాగాలు, మూలాల అమరిక చూడటం అని మనం అనుకున్నంత కాలం ఇలాంటివి దాటిపోతూనే ఉంటాయి. ఇప్పుడు కృత్రిమ మేధ పనిముట్లు క్షణాల్లో లేని పుస్తకాలను పుట్టిస్తున్నాయి కాబట్టి ఈ భయం ఇంకాస్త పెరిగింది.

చైనీస్ వికీపీడియాలో దీనికంటే పెద్దది జరిగింది. మధ్యయుగ రష్యా చరిత్ర మీద ఒక వాడుకరి ఏళ్ళ తరబడి రెండు వందలకు పైగా వ్యాసాల్లో కట్టుకథలు రాసుకుంటూ పోయింది. 2022లో ఒక నవలా రచయిత తన కథకు సరుకు వెతుక్కుంటూ వెళ్ళి, ఆ మూలాలు తీగ లాగితే డొంకంతా కదిలింది. అందులో నాకు ఆసక్తి కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. ఆవిడ వేరే పేర్లతో ఖాతాలు తెరిచి తనను తానే సమర్థించుకుంది. అంటే చర్చ జరుగుతున్నట్టు కనిపిస్తే కూడా చాలదు, అవతల నిజంగా ఇంకో మనిషి ఉండాలి.

ఇక తరిమేసిన రకం. క్రొయేషియన్ వికీపీడియాలో ఒకే భావజాలం ఉన్న కొందరు నిర్వాహకులు సుమారు పదేళ్ళ పాటు పట్టు బిగించి, రెండో ప్రపంచ యుద్ధం నాటి క్రొయేషియాలో నాజీల అండతో నడిచిన ఉస్తాషా ప్రభుత్వపు అకృత్యాలను పలచన చేసి రాశారు. అడిగినవాళ్ళను ఇక రాయడానికి వీల్లేకుండా నిరోధించారు. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ 2021లో దీని మీద నివేదికే ప్రచురించింది. బయటి నుంచి చూసేవాళ్ళకు అక్కడ ఏకాభిప్రాయం ఉన్నట్టే కనిపించింది. ఉండదా మరి, భిన్నంగా మాట్లాడేవాళ్ళు లోపల మిగిలితే కదా!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ పేరా తీసేసిన మనిషిని చూసే చూపు కొంచెం మారాలని. మీ వ్యాసాన్ని అంత శ్రద్ధగా చదివే పాఠకుడు మీకు డబ్బులిచ్చినా దొరకడు. అతనితో ఎలా మెలగాలి అన్నదానికి వచ్చేస్తాను.

చరిత్ర వ్యాసాల తగాదాల్లో నూటికి తొంభై ఒకే చోట చిక్కుకుంటాయి. ఇద్దరూ "అసలేం జరిగింది?" అని వాదించుకుంటారు. ఆ వాదన వికీపీడియాలో తేలదు, తేల్చే అధికారం మనకు లేదు. దాన్ని "ఎవరన్నారు, దేన్ని బట్టి అన్నారు?" అన్న ప్రశ్నలోకి మార్చగలిగితే సగం వేడి అక్కడే చల్లారుతుంది.

రుద్రమదేవి సంగతి తీసుకోండి. ఒక వాడుకరి ఆమె పాలన 1295 దాకా సాగిందని రాశారనుకోండి. చేతిలో పాత పుస్తకం ఉంది, పేజీ నంబరూ ఇచ్చారు. ఇంకొకరు వచ్చి 1289 అని మార్చారు. మొదటివారు వెనక్కి తిప్పారు, రెండోవారు మళ్ళీ మార్చారు. ఇద్దరి దగ్గరా పుస్తకాలున్నాయి, ఇద్దరూ తమదే రైటు అంటున్నారు. చర్చా పేజీలో ఎవరైనా ఒకరు "మీ పుస్తకం ఆ సంవత్సరాన్ని దేని ఆధారంగా చెబుతోంది?" అని అడిగితే విషయం బయటపడుతుంది. నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం ఇచ్చాడని అందులో ఉంది. ఆ శాసనం వెలుగులోకి రాకముందు రాసిన పుస్తకాలు 1295 అనో 1296 అనో అంటాయి, దాన్ని చూసి రాసినవాళ్ళు 1289 అంటారు. ఇద్దరు వాడుకరులూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు వ్యాసంలో ఒక సంవత్సరం బదులు రెండు మూడు వాక్యాలు వస్తాయి: పాత అభిప్రాయం ఏమిటి, శాసనం ఏమంటోంది, ఇప్పటి చరిత్రకారులు ఎటు మొగ్గుతున్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరు రాసినా వచ్చేదానికంటే ఇది మంచి వ్యాసం.

ఇక్కడితో అయిపోదు. మూడో వాడుకరి వచ్చి "అంబదేవుడితో యుద్ధంలో చనిపోయింది" అని చేరుస్తారు. శాసనంలో ఆమె ఎలా చనిపోయిందో లేదు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడి చేతిలో అన్నది చరిత్రకారుల ఊహ, కారణాలున్న ఊహే. కాబట్టి ఆ వాక్యాన్ని తీసేయక్కర్లేదు, "అని చరిత్రకారులు భావిస్తున్నారు" అని చేర్చి ఆ చరిత్రకారుడి పేరు రాస్తే చాలు. అలా రాసినప్పుడు చేర్చినవారికి తమ మాట పోయిందన్న బాధ ఉండదు, సందేహించినవారికి అబద్ధం నిలిచిందన్న బాధా ఉండదు.

నాలుగోవారు ఉత్సాహవంతులు. చందుపట్ల వెళ్ళి శాసనం ఫోటో తీసుకొచ్చి, "నేనే చదివాను, ఇందులో ఇలా ఉంది" అంటారు. వీళ్ళతో వ్యవహారం చాలా సున్నితంగా చేయాలి. వాళ్ళ ఫోటో వికీ బొమ్మలన్నీ దాచే కామన్స్‌లోకి ఎక్కితే అది బంగారం. వాళ్ళ సొంత పాఠం మాత్రం వ్యాసంలోకి రాకూడదు, అది మౌలిక పరిశోధన, అంటే ఎక్కడా అచ్చుకాని సొంత నిర్ధారణ అవుతుంది. ఎక్కడో అచ్చయిన పాఠం కావాలి. ఈ మాట "మీది చెల్లదు" అన్న ధోరణిలో చెబితే ఆ మనిషి మళ్ళీ కనిపించరు. ఫోటోకు ముందు దండం పెట్టి, ఆ తరవాత నియమం చెప్పండి.

ఈ నియమం కొన్నిసార్లు నిజంగానే చేదుగా ఉంటుంది, దాచను. అమెరికాలో తిమొతీ మెసర్-క్రూజ్ అనే చరిత్రాచార్యుడు 1886లో షికాగోలో కార్మికుల సభ దగ్గర బాంబు పేలిన హేమార్కెట్ కేసు మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ప్రాసిక్యూషను ముద్దాయిలకు వ్యతిరేకంగా ఆధారమేదీ చూపలేదని అప్పట్లో వికీపీడియాలో ఉండేది. విచారణ వారాల తరబడి జరిగింది, సాక్షులు వచ్చారు, రికార్డులున్నాయి. ఆయన ఆ వాక్యం సరిచేస్తే వెంటనే వెనక్కి తిప్పారు. మూల పత్రాలు చూపితే, అచ్చయిన పుస్తకం కావాలన్నారు. ఆయన 2011లో ఆ విచారణ మీద పుస్తకమే ప్రచురించి మళ్ళీ వచ్చారు. ఎక్కువమంది చరిత్రకారులు ఇంకా పాత మాటే అంటున్నారు కాబట్టి మీది అల్పసంఖ్యాక అభిప్రాయం అన్నారు. చరిత్రకారులంతా ఆ కాలంలో ఆకాశం ఆకుపచ్చగా ఉందని రాసి, ఒక్కరే నీలంగా ఉందని రాస్తే, మన నియమాల ప్రకారం మనం రాయాల్సింది "ఎక్కువమంది ఆకుపచ్చ అన్నారు, ఒకరు నీలం అన్నారు" అనే అని ఒక వాడుకరి ఆయనకు వివరించారు. 2012లో ఆయన దీని గురించి ఒక వ్యాసం రాస్తే పెద్ద దుమారమే లేచింది. తరవాత ఆ పేజీని సరిచేశారు.

ఈ కథ విని చాలామంది నియమాన్ని తిడతారు. నేను తిట్టను. పుస్తకం రాని పరిశోధనను ఆయన కోసం ఒప్పుకుంటే, రేపు బిచోలిం రాసినవాడికీ ఒప్పుకోవాలి. అక్కడ లోపించింది వేరే. అవతల ఉన్నవాళ్ళు "వద్దు" అనడంతో ఆగిపోయారు, "అయితే ఇలా రాద్దామా?" అని ఎవరూ అనలేదు. ఆయన పుస్తకం వచ్చిన రోజునే ఆయన పేరుతో ఒక వాక్యం, దాని పక్కనే పాత అభిప్రాయం పెట్టి ఉంటే సరిపోయేది. ఒక వాక్యాన్ని వెనక్కి తిప్పేటప్పుడు, దాని బదులు ఏది ఒప్పుకుంటారో కూడా చెప్పండి. అంత కష్టమేమీ కాదు, ఒక నిమిషం పని.

పేర్ల తగాదాలు వేరే జాతి. వాటికి మూలాలు అంతగా అక్కరకు రావు, ఎందుకంటే అన్ని పేర్లకూ మూలాలుంటాయి. పోలండులోని గ్డాన్‌స్క్ నగరం జర్మన్ల నోట డాంజిగ్. చరిత్రలో చేతులు మారిన ఊరు. ఇంగ్లీషు వికీపీడియాలో ఏ పేరు వాడాలన్న దాని మీద ఎంత గొడవ జరిగిందంటే, 2005లో ఓటింగు పెట్టాల్సి వచ్చింది. 1308 నుంచి 1945 దాకా జరిగిన వాటికి డాంజిగ్, దానికి ముందూ తరవాతా గ్డాన్‌స్క్, వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు రెండో పేరు కూడా చెప్పాలి అని తేల్చారు. ఎవరికీ పూర్తి సంతృప్తి కలగని తీర్పు. కానీ ఆ తరవాత ప్రతి వ్యాసంలోనూ అదే గొడవ మొదటి నుంచి మొదలెట్టాల్సిన పని తప్పింది. మనకు తళ్ళికోట యుద్ధం ఉంది. అదే యుద్ధాన్ని రాక్షసి-తంగడి అనీ, బన్నిహట్టి అనీ కూడా అంటారు. శీర్షిక మీద నెల రోజులు కొట్టుకోవడం దండగ. తెలుగు పాఠకుడు వెతికే పేరు శీర్షికలో పెట్టండి, మిగతావి మొదటి వాక్యంలో ఇవ్వండి, వాటితో వెతికినా ఇదే వ్యాసం తెరుచుకునేలా దారిమార్పులు పెట్టండి.

ఆ యుద్ధం తేదీతోనే ఇంకో చిన్న తమాషా ఉంది. 1565 జనవరి 23. శక సంవత్సరం 1486. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని మనందరికీ తెలుసు. కలిపి చూడండి, 1564 వస్తుంది. చైత్రంలో ఏడాది మారుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా 79 కలపాలి. శాసనాల తేదీలున్న వ్యాసాల్లో ఒక్క ఏడాది తేడాతో ఎవరైనా గొడవపడుతుంటే ముందు ఈ లెక్క చూడండి. మనిషిని అనుమానించే ముందు పంచాంగాన్ని అనుమానించడం మంచిది.

ఇక అందరూ ఎదురుచూస్తున్న విషయం, కులం. మన చరిత్ర వ్యాసాల్లో అసలు నిప్పు అక్కడ ఉంది. "ఫలానా రాజు మావాడే" అని ప్రతి వారమూ ఎక్కడో ఒకచోట ఎవరో మారుస్తుంటారు. కాకతీయుల సంగతే చూడండి. వర్ణం ప్రస్తావన ఉన్న శాసనాల్లో ఎక్కువ వాటిలో చతుర్థ కులజులని, అంటే శూద్రులని ఉంది, కొన్నింట్లో సూర్యవంశ క్షత్రియులని ఉంది. రెండూ శాసనాలే. ఒకదాన్ని దాచి రెండోదాన్ని చూపించేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. ఇలాంటిచోట నేను పట్టుబట్టేవి రెండే. మొదటిది, ఇప్పటి చరిత్రకారులు ఆ శాసనాలను ఎలా తూచారో అది రాయాలి. బ్రిటిషు కాలంలో కులాల మీద రాసిన గ్రంథాలను ఇంగ్లీషు వికీలో నమ్మదగ్గ మూలాలుగా తీసుకోవడం దాదాపు మానేశారు, మనమూ మానేయాలి. రెండోది, వాట్సాప్ గ్రూపులో "అందరూ వచ్చి మద్దతు ఇవ్వండి" అని పిలుపునిచ్చి నలభై కొత్త ఖాతాలు దించితే, ఆ నలభైని కలిపి ఒక్క వాదనగా లెక్కేయాలి. ఏకాభిప్రాయం అంటే చేతులెత్తి లెక్కపెట్టడం కాదని కొత్తవాళ్ళకు ఓపిగ్గా చెప్పాలి. ఆ నలభై మందిలో ఒకరిద్దరు నిజంగా పుస్తకాలు చదివే పిల్లలు ఉంటారు. గొడవ సద్దుమణిగాక వాళ్ళ వాడుకరి చర్చా పేజీలో ఒక స్వాగతం రాసి, వేరే వ్యాసం ఏదైనా అప్పజెప్పండి. అలా వచ్చి నిలిచిపోయినవాళ్ళు ఉన్నారు.

పద్ధతుల గురించి గబగబా కొన్ని చెబుతాను. వ్యాసాన్ని మొత్తం ఒకే దిద్దుబాటులో తిరగరాయకండి. విభాగం విభాగంగా రాస్తే, నచ్చని ముక్క ఒక్కటే వెనక్కి పోతుంది, లేకపోతే అంతా పోతుంది. సారాంశం పెట్టెను ఖాళీగా వదలకండి. అందరికీ దొరకని పుస్తకం నుంచి రాసినప్పుడు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చర్చా పేజీలో ఎత్తి రాయండి, అవతలివాళ్ళు దాన్ని చూసి తమంతట తాము నిర్ణయించుకుంటారు. చర్చలో "మీరు ఎప్పుడూ ఇంతే" అనే వాక్యం రాశారో, అక్కడితో చర్చ ముగిసినట్టే. వాక్యం గురించి మాట్లాడండి, మనిషి గురించి వద్దు. ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్ల కంటే ఎక్కువ వెనక్కి తిప్పకూడదని నియమం ఉంది. నా దృష్టిలో మూడు కూడా ఎక్కువే. ఒకసారి తిప్పాక చర్చా పేజీకి వెళ్ళిపోవాలి.

పని పంచుకోవడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ అసలు సుఖం అక్కడే ఉంది. తళ్ళికోట లాంటి వ్యాసానికి ఏమేం కావాలో చూడండి. ఫెరిష్తా లాంటి పారశీక చరిత్రకారులు ఏం రాశారో చూసేవాళ్ళు, కన్నడ మూలాలు చదవగలిగేవాళ్ళు, తెలుగు శాసనాల సంపుటాలు తిరగేసేవాళ్ళు, పటం గీసేవాళ్ళు, చివర్లో వాక్యాలు నునుపు చేసేవాళ్ళు. ఇవన్నీ ఒకే మనిషికి రావు. ఒక్కరే అన్నీ చేస్తే తమకు దొరికిన వైపు కథే రాస్తారు. విజయనగరం వైపు పుస్తకాలు మాత్రమే చదివినవారి వ్యాసం ఒకలా ఉంటుంది, సుల్తానుల ఆస్థాన చరిత్రలు మాత్రమే చదివినవారిది ఇంకోలా ఉంటుంది. మీకు నచ్చని వైపు పుస్తకం ఉన్న మనిషిని వెతికి మరీ పిలవండి. వికీలో ఆ వ్యాసం మార్పుల చరిత్ర తెరిస్తే ఎవరెవరు ఏ విభాగం ముట్టుకున్నారో తెలిసిపోతుంది.

ప్రశ్న ఏదో ఉన్నట్టుంది. చెప్పండమ్మా... వెనక ఉన్నవాళ్ళకు వినపడలేదు, నేను చెబుతాను. అవతలి మనిషి ససేమిరా వినకపోతే ఏం చేయాలని అడుగుతున్నారు.

ముందు ఆ పేజీకి కొన్నాళ్ళు దూరంగా ఉండండి. వ్యాసం ఎక్కడికీ పోదు, తప్పు వాక్యం వారం రోజులు ఉంటే కొంపలేమీ మునగవు. తరవాత మూడో మనిషిని పిలవండి. ఇంగ్లీషు వికీలో దీనికి ఏర్పాట్లు చాలా ఉన్నాయి. మూడో అభిప్రాయం అడిగే పేజీ ఉంది, వ్యాఖ్యలు కోరుతూ నెల రోజుల పాటు చర్చ నడిపే పద్ధతి ఉంది, చివరికి మధ్యవర్తిత్వ సంఘం ఉంది. మనకు అంత యంత్రాంగం లేదు. తెలుగు వికీలో అందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ పేజీలో రాయాలి. రాసేటప్పుడు మీ వాదన పెట్టకండి, ప్రశ్న ఒక్కటే పెట్టండి: ఈ రెండు వాక్యాల్లో ఏది మూలానికి దగ్గరగా ఉంది, మూలంలో ఉన్న మాట ఇది, అని. రంగు పులమకుండా అడిగితే జవాబిచ్చేవాళ్ళు ఎక్కువ.

తెలుగులో చురుగ్గా రాసేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ మూడో మనిషి ఒక్కోసారి అసలు దొరకరు. అప్పుడు పక్క భాషల వైపు చూడండి. తళ్ళికోట మీద కన్నడ, మరాఠీ వికీలలో ఏం రాశారో, వాళ్ళు ఏ మూలాలు వాడారో భాషల లింకులు నొక్కి చూడొచ్చు. వాళ్ళ చర్చా పేజీలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసి రావచ్చు. మన ఇద్దరి మధ్య నలుగుతున్న ప్రశ్న వాళ్ళు ఎప్పుడో తేల్చేసుకుని ఉండొచ్చు, లేదా వాళ్ళకు అసలు తట్టి ఉండకపోవచ్చు. తట్టకపోతే మన ప్రశ్న వాళ్ళకూ పనికొస్తుంది. భోజనాల తరవాత జట్లుగా కూర్చున్నప్పుడు అదే చేద్దాం. ప్రతి జట్టూ ఒక చరిత్ర వ్యాసం తీసుకుని, ముందు వ్యాసం ముట్టుకోకుండా చర్చా పేజీలో ఒక ప్రశ్న రాయాలి. సంతకం పెట్టడం మరిచిపోకండి, నాలుగు టిల్డాలు (~~~~).